ప్రాసెసర్, మదర్‌బోర్డు మార్చాలా, ఆగాలా? డెల్టా గేమర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

భీమవరం, పాలకొల్లు, తణుకు, అమలాపురం, కాకినాడ. ఏ ఊరివారు అడిగినా ప్రశ్న దాదాపు ఒకటే: "ఆట ఆగి ఆగి నడుస్తోంది, ప్రాసెసర్, బోర్డు మార్చేయమంటారా?" నా జవాబు కూడా ప్రతిసారీ ఒకచోటే మొదలవుతుంది: ముందు కొలవండి. కొలిచాక చాలామందికి మార్చే అవసరమే కనిపించదు. నిజంగా అవసరమైనవారికి ఏ భాగం మార్చాలో తెలిసిపోతుంది. మన ఇళ్లలో కంప్యూటర్‌కు పెట్టే డబ్బు రొయ్యల పట్టుబడి నుంచో, కొబ్బరి దింపు నుంచో, నెల జీతంలో మిగిల్చిన దాని నుంచో వస్తుంది. అది తప్పు భాగం మీద పడితే నాకు నిజంగా బాధ కలుగుతుంది. అందుకే జవాబులు కొంచెం వివరంగా రాశాను.

నా ప్రాసెసర్ కొని ఆరేళ్లయింది. పాతబడిపోయినట్టేనా?

వయసు చూసి తీర్పు చెప్పలేం. 2019లో వచ్చిన ఏఎండీ కంపెనీ రైజెన్ 5 3600కు ఆరు కోర్లు (పని చేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు) ఉన్నాయి. దానికి తోడు జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, ఎదురుగా 60 హెర్ట్జ్ మానిటర్ ఉంటే, ఎంత కొత్త ప్రాసెసర్ పెట్టినా చాలా ఆటల్లో మీ కంటికి తేడా తెలియదు. ఆ మానిటర్ సెకనుకు 60 చిత్రాలకు మించి చూపదు, ఆ కార్డు పెద్ద ఆటల్లో అంతకన్నా ఎక్కువ గీయలేదు. అదే ప్రాసెసర్‌కు చాలా శక్తిమంతమైన ఆర్‌టీఎక్స్ 4070 కార్డు జతచేసి, 165 హెర్ట్జ్ మానిటర్ మీద కౌంటర్ స్ట్రైక్ 2 ఆడేవారికి మాత్రం అది వెనక్కి లాగుతుంది. కాబట్టి ఎవరైనా నన్ను అడిగితే ప్రాసెసర్ పేరుతోపాటు కార్డు, మానిటర్, ఆడే ఆటలు చెప్పమంటాను. అవి తెలియకుండా ఇచ్చే సలహా ఊహే అవుతుంది.

అడ్డుపడుతున్నది ప్రాసెసరా, గ్రాఫిక్స్ కార్డా? ఇంట్లోనే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. మన కాలువల మీద లాకులు చూసినవారికి సంగతి సులువుగా అర్థమవుతుంది. ఎగువన కాలువ ఎంత నిండుగా ఉన్నా, తలుపు ఎంత ఎత్తితే దిగువకు అంతే నీరు వస్తుంది. ఆ తలుపు ఒక ఆటలో ప్రాసెసర్ కావచ్చు, మరో ఆటలో గ్రాఫిక్స్ కార్డు కావచ్చు.

ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్, దానితోపాటు వచ్చే రివాట్యూనర్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితం. మీ కార్డు ఏ కంపెనీదైనా పనిచేస్తాయి. గ్రాఫిక్స్ కార్డు వాడకం, కార్డు మెమరీ, ప్రాసెసర్‌లో ఒక్కో కోర్ వాడకం, ఉష్ణోగ్రతలు, ఫ్రేమ్ రేటు ఆట తెర మీదే కనిపించేలా పెట్టుకోండి. వీసింక్‌నూ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగు), ఆటలో పెట్టుకున్న ఫ్రేమ్ పరిమితినీ తీసేయండి. అవి ఉంటే అంకెలు పక్కదారి పట్టిస్తాయి. తర్వాత మీరు రోజూ ఆడే ఆటనే, బాగా రద్దీగా ఉండే చోట అరగంట ఆడండి. ఖాళీ మైదానంలో నిలబడి తీసిన అంకెలు పనికిరావు.

గ్రాఫిక్స్ కార్డు వాడకం 95 శాతం పైనే నిలకడగా ఉంటే కార్డు తన శక్తినంతా పెడుతోందన్నమాట. అప్పుడు ప్రాసెసర్ మార్చడం వల్ల లాభం లేదు. వాడకం 60, 70 శాతం దగ్గర ఊగుతూ ఫ్రేములు కూడా తక్కువగా ఉంటే అనుమానం ప్రాసెసర్ మీదికో ర్యామ్ మీదికో వెళ్తుంది. దాన్ని రుజువు చేసుకోవడానికి రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించి, అదే చోట మళ్లీ ఆడండి. ఫ్రేములు బాగా పెరిగితే ఇన్నాళ్లూ అడ్డుపడింది కార్డు. పెరగకుండా అక్కడే ఆగిపోతే ప్రాసెసర్ వైపు చూడవలసిందే.

ఇంకో మాట. జనసమ్మర్దం, దూరదృశ్యం, నీడలు, రే ట్రేసింగ్ వంటి సెట్టింగులు ప్రాసెసర్ మీద కూడా భారం వేస్తాయి. ప్రాసెసర్ అడ్డుపడుతోందని తేలినా ముందు వీటిని ఒక మెట్టు దించి చూడండి. దాంతోనే ఆట సాఫీగా నడిస్తే మరో ఏడాది నిశ్చింతగా గడపవచ్చు.

ప్రాసెసర్ వాడకం 45 శాతమే చూపిస్తోంది. మరి అది ఎలా అడ్డుపడుతుంది?

ఆ 45 అన్ని థ్రెడ్ల సగటు. చాలా ఆటల్లో ముఖ్యమైన పనంతా ఒకటి రెండు థ్రెడ్ల మీదే నడుస్తుంది. అవి వందకు చేరి, మిగతావి ఖాళీగా ఉన్నా సగటు తక్కువే కనిపిస్తుంది. అందుకే కోర్లను విడివిడిగా చూడమన్నాను.

సగటు ఫ్రేమ్ రేటును కూడా నమ్మకండి. కంటికి కుదుపుగా తెలిసేది అత్యంత నెమ్మదిగా వచ్చిన ఫ్రేముల వల్ల. అలా అత్యంత నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం చెప్పే 1 శాతం కనిష్ఠం అనే అంకె రివాట్యూనర్‌లో ఉంటుంది. సగటు 90 ఉండి ఆ కనిష్ఠం 30కి పడిపోతుంటే ఆట హాయిగా ఉండదు. ఇంటెల్ ఐ5-9400ఎఫ్ వంటి ఆరు కోర్లు, ఆరు థ్రెడ్ల ప్రాసెసర్లలో కొత్త ఆటలు ఆడేటప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది.

ప్రాసెసర్ కంటే ముందు ఏమేమి పరీక్షించాలి?

ర్యామ్ మొదట. దుకాణంలో ఖర్చు తగ్గించడానికి 16 జీబీ ఒకే స్టిక్‌గా వేసి ఇస్తారు. ఒక్క స్టిక్ ఉంటే సింగిల్ ఛానల్‌లో నడుస్తుంది, మెమరీ దారి సగమే అందుతుంది. రైజెన్ ప్రాసెసర్లకు ఈ లోటు బాగా తెలుస్తుంది. రెండో స్టిక్ వేయగానే, ముఖ్యంగా ఆ కనిష్ఠం అంకె పైకి లేస్తుంది. తర్వాత బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డులోని ప్రోగ్రాం) వెళ్లి ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు, ఆన్ అయి ఉందో లేదో చూడండి. 3200 అని రాసి ఉన్న డీడీఆర్4 ర్యామ్ ఆ సెట్టింగు లేకపోతే చాలా బోర్డుల్లో 2133 లేదా 2400 దగ్గరే నడుస్తుంది. ర్యామ్‌కు డబ్బు కట్టి ఆ వేగం వాడుకోకుండా ఏళ్లు గడిపినవారు ఎంతోమంది.

ఆట పాత హార్డ్ డిస్కులో ఉంటే దాన్ని ఎస్‌ఎస్‌డీలోకి మార్చండి. పెద్ద పటాల్లో కొత్త చోటికి వెళ్లినప్పుడల్లా ఆట ఆగుతోందంటే కారణం తరచుగా ఇదే. కార్డు మెమరీ 4 జీబీయే అయితే ఆట సెట్టింగుల్లో టెక్స్చర్లు (వస్తువుల పైపూత చిత్రాలు) తగ్గించండి. అది నిండిపోయినా కుదుపులు వస్తాయి, చూసేవారు నేరం ప్రాసెసర్ మీద వేస్తారు.

రైజెన్ ఉన్నవారికి ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. విండోస్ 11 కోసం ఎఫ్‌టీపీఎం (తాళాలు దాచే టీపీఎం అనే భద్రతా భాగానికి ఏఎండీ రూపం) ఆన్ చేశాక అప్పుడప్పుడూ ఒకటి రెండు సెకన్లు అంతా బిగుసుకుపోవడం కొందరికి అనుభవం. ఆ లోపాన్ని ఏఎండీ అంగీకరించి 2022లో బయోస్ అప్‌డేట్ల ద్వారా సరిచేసింది. మీ బోర్డు బయోస్ అంతకన్నా పాతదైతే ముందు అది మార్చండి.

ఎండాకాలంలో మాత్రమే ఆట నెమ్మదిస్తోంది. ప్రాసెసర్ అరిగిపోయిందా?

ప్రాసెసర్లు అలా అరగవు. రోహిణి కార్తెలో గది వేడే నలభై డిగ్రీలకు దగ్గరగా ఉంటే లోపల వేడి ఎక్కడికి పోతుంది? మోడల్‌ను బట్టి 90 నుంచి 100 డిగ్రీల మధ్యకు చేరగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఆ అంకె ఆఫ్టర్‌బర్నర్‌లో కనిపిస్తుంది. క్యాబినెట్ తెరిచి చూడండి. వరి నూర్పిళ్ల ధూళి, రైస్ మిల్లు పక్కన ఇళ్లైతే ఊక నలుసు, కూలర్ రెక్కల మధ్య మెత్తగా పేరుకుని ఉంటుంది. మన చెమ్మకు అది గట్టిపడి బ్రష్షుకు కూడా లొంగదు. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకోండి. థర్మల్ పేస్టు వేసి నాలుగైదేళ్లు దాటితే తుడిచి కొత్తది రాయండి. ఈ పని అయ్యాక కూడా మధ్యాహ్నం ఆట తగ్గితే అప్పుడు మంచి కూలర్ గురించి ఆలోచించవచ్చు. ఆ కూలర్ రేపు కొత్త బోర్డుకూ ఉపయోగపడే రకమై ఉండాలి.

సాయంత్రం ఆటలో ఉండగా కంప్యూటర్ దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతోంది. బోర్డు పోయిందంటున్నారు.

బోర్డు అయి ఉండవచ్చు, కానీ మన ప్రాంతంలో నేను ముందు కరెంటును అనుమానిస్తాను. చీకటి పడ్డాక చెరువుల మీద ఏరేటర్లు, ఇళ్లలో ఏసీలు, మోటార్లు ఒకేసారి నడుస్తాయి. లైను చివర ఉన్న ఇళ్లలో వోల్టేజీ పడిపోతుంది. సరిగ్గా ఆ సమయంలోనే మీరు ఆట మొదలుపెడతారు, గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. క్యాబినెట్‌తోపాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) దాన్ని తట్టుకోలేక ఆగిపోతుంది. పేరున్న కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌లు చాలావరకు 100 నుంచి 240 వోల్టుల మధ్య ఎక్కడైనా పనిచేస్తాయి. మీ దాని పక్కన అతికించిన చీటీలో ఎంత రాసి ఉందో చదవండి.

క్యాబినెట్‌ను తాకితే జివ్వుమంటోందా? అయితే ఎర్తింగ్ లేదు, లేదా తెగింది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. డెల్టా నేలలో చెమ్మ ఉంటుంది కాబట్టి ఎర్త్ గొయ్యి సక్రమంగా తీస్తే మంచి ఫలితమే వస్తుంది. ఎర్తింగ్ లేని ఇంట్లో కొత్త బోర్డు పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

యూపీఎస్ విషయంలో లెక్క చూసుకోవాలి. మార్కెట్లో ఎక్కువగా అమ్ముడయ్యే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే. ఒక మోస్తరు గేమింగ్ కంప్యూటర్, మానిటర్ కలిసి ఆట మధ్యలో దాన్ని దాటిపోగలవు. అప్పుడు కరెంటు పోగానే యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవారు అది ప్యూర్ సైన్ వేవ్ రకమో (ఇంటి కరెంటులాగే నునుపైన అలగా కరెంటు ఇచ్చేది) కాదో తెలుసుకోండి. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లకూ యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు లాగే తీరును సరిదిద్దే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లకూ తరచుగా పొసగదు.

ఉరుములు మొదలవగానే ప్లగ్గుతోపాటు ల్యాన్ తీగ కూడా పీకండి. పిడుగు పడినప్పుడు స్తంభాల మీదుగా వచ్చిన రాగి తీగలోంచి వచ్చే దెబ్బ నేరుగా బోర్డుకే తగులుతుంది. లంక గ్రామాలవారు, ఏటిగట్టు పక్కనున్నవారు క్యాబినెట్‌ను నేల మీద పెట్టకండి, బల్ల మీద ఉంచండి. 2022 జూలైలో వరద ఎంత త్వరగా పెరిగిందో చూసినవారికి ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

బోర్డు అలాగే ఉంచి ప్రాసెసర్ ఒక్కటే మార్చవచ్చా?

ఈ దారి తెరిచి ఉంటే అన్నిటికన్నా ఇదే మంచిది. బోర్డు, ర్యామ్, చాలాసార్లు కూలర్ కూడా మిగులుతాయి. మీ బోర్డు పేరు తెలుసుకుని, కంపెనీ వెబ్‌సైట్‌లో అది తీసుకునే ప్రాసెసర్ల పట్టిక చూడండి. దుకాణంవారి మాట కన్నా ఆ పట్టిక నమ్మదగినది.

ఏఎండీలో ఏఎం4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) మీద 2017లో వచ్చిన మొదటి రైజెన్ల నుంచి 5000 శ్రేణి వరకు నడిచాయి. బీ450 బోర్డు మీద రైజెన్ 5 2600 వాడుతున్నవారు బయోస్ అప్‌డేట్ చేసి రైజెన్ 5 5600 పెట్టుకోవచ్చు. ఆటల్లో తేడా తెలుస్తుంది. అది ఎక్కడి నుంచి వస్తుందంటే, మధ్యలో వచ్చిన 3600లో కూడా 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన చిన్న మెమరీ) రెండు పదహారులుగా విడిపోయి, ఒక్కోటీ మూడు కోర్లకే అందుతుంది. 5600లో ఆ 32 ఎంబీ మొత్తం ఆరు కోర్లకూ ఉమ్మడి. ఆటలు మాటిమాటికీ వెతుక్కునే సమాచారం దగ్గరలోనే దొరకడంతో ఫ్రేములు నిలకడగా వస్తాయి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 5800ఎక్స్‌3డీ ఆ క్యాష్‌ను 96 ఎంబీకి పెంచింది. అది ఇప్పుడు కొత్తగా దొరకడం అరుదు. మంచి స్థితిలో న్యాయమైన ధరకు కనిపిస్తే ఏఎం4 వారికి అంతకన్నా మేలైనది లేదు. అయితే మీ కార్డు మధ్యతరగతిదైతే 5600 చాలు, దాని మీద మిగిలిన డబ్బు కార్డుకు పెట్టండి.

ఇంటెల్‌లో దారి ఇరుకు. మోడల్ నంబరు మొదట్లోని అంకెలు తరాన్ని చెబుతాయి: 9400 తొమ్మిదో తరం, 12100 పన్నెండో తరం. ఆరు, ఏడు తరాలవారి బోర్డుల సాకెట్ ఎల్‌జీఏ 1151. ఎనిమిది, తొమ్మిది తరాలకూ అదే పేరు. అయినా పాత 100, 200 శ్రేణి బోర్డుల్లో తొమ్మిదో తరం ప్రాసెసర్ పనిచేయదు. పేరు చూసి కొని నష్టపోయేది ఇక్కడే. పది, పదకొండు తరాలు ఎల్‌జీఏ 1200. ఇందులోనూ హెచ్410, బీ460 చిప్‌సెట్ బోర్డులు సాధారణంగా పదకొండో తరాన్ని తీసుకోవు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు తరాలకు ఎల్‌జీఏ 1700. హెచ్610 బోర్డు మీద ఐ3-12100ఎఫ్ వాడుతున్నవారు ఐ5-12400ఎఫ్ లేదా 14400ఎఫ్‌కు హాయిగా మారవచ్చు. అదే బోర్డు మీద ఐ7-14700కే పెడితే మాత్రం ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగాలు వేడెక్కి, కొన్న వేగం చేతికి రాదు.

ఐ5-9400ఎఫ్ ఉన్నవారు సెకండ్ హ్యాండ్ ఐ7-9700 కోసం వెతకడం చూస్తుంటాను. వాటి వయసుకు అడిగే ధర ఎక్కువ. తక్కువకు దొరికితే తప్ప, ఆ డబ్బు కొత్త బోర్డు వైపు దాచుకోవడమే మంచిది.

బయోస్ అప్‌డేట్ చేస్తుండగా కరెంటు పోతే?

బోర్డు పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది. కాబట్టి యూపీఎస్ లేకుండా ఆ పని ముట్టుకోవద్దు. గాలివాన ఉన్న రోజు అసలే వద్దు. అప్‌డేట్ సమయంలో కంప్యూటర్ ఆట ఆడేటప్పటంత కరెంటు తీసుకోదు కాబట్టి చిన్న యూపీఎస్ అయినా సరిపోతుంది. పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే అప్‌డేట్ చేయాలి, ఆ తర్వాతే కొత్తది పెట్టాలి. ఈ వరుస తప్పితే తెర నల్లగా మిగులుతుంది. కొన్ని బోర్డులకు వెనకవైపు బయోస్ ఫ్లాష్‌బ్యాక్ అనే మీట ఉంటుంది. అది ఉంటే మధ్యలో చెడినా పెన్‌డ్రైవ్‌తో మళ్లీ బతికించవచ్చు. కొత్త బోర్డు కొనేటప్పుడు ఆ మీట కోసం కొంచెం ఎక్కువ పెట్టినా మన ఊళ్లలో ఆ ఖర్చుకు తగిన విలువ ఉంటుంది.

ఐ7, 16 జీబీ అని తక్కువ ధరకు ఆన్‌లైన్‌లో గేమింగ్ కంప్యూటర్లు కనిపిస్తున్నాయి. కొనవచ్చా?

ఐ7 తర్వాత ఉన్న అంకె చదవండి. అక్కడ 2600 అని ఉంటే అది 2011 నాటిది, 3770 అంటే 2012 నాటిది. 2022లో వచ్చిన ఐ3-12100కు కూడా నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే, కానీ ఆటల్లో అది ఆ పాత ఐ7లను చాలా వెనక వదిలేస్తుంది. ఈ కట్టల్లో బోర్డు పేరులేని కంపెనీది, ర్యామ్ డీడీఆర్3. రేపు ముందుకు తీసుకువెళ్లడానికి అందులో ఏమీ ఉండదు. కొనవద్దు.

విండోస్ 11 కోసమైనా మార్చాలి కదా?

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం, రైజెన్ 2000 శ్రేణి నుంచి మొదలవుతుంది. టీపీఎం 2.0 కూడా కావాలి. విండోస్ 11 మీద వాలరెంట్ అనే ఆట ఆడాలంటే టీపీఎం, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే సెట్టింగు) రెండూ ఆన్‌లో ఉండి తీరాలి. ఐ5-7400 ఉన్నవారికి ఇది బలమైన కారణమే. కానీ ఐ5-8400 ఉన్న కంప్యూటర్‌కు కూడా విండోస్ 11 రాదు అనే సందేశం వస్తే కంగారు పడకండి. ఆ బోర్డులో టీపీఎం ఉండే ఉంటుంది, బయోస్‌లో ఆపి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనీ వెతకండి.

గ్రాఫిక్స్ కార్డు మార్చాలంటే బోర్డు కూడా మార్చక తప్పదా?

సాధారణంగా అక్కర్లేదు. కార్డును బోర్డుకు కలిపే దారి పేరు పీసీఐఈ. పీసీఐఈ 3.0 బోర్డులో 4.0 కార్డు పనిచేస్తుంది. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ వంటి కార్డులతో మాత్రం జాగ్రత్త. దానికి ఆ దారిలో నాలుగు లేన్లే (వరుసలే) ఉండడం వల్ల పాత బోర్డులో గట్టిగా నష్టపోతుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులకు రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ అంతటినీ ఒకేసారి అందుకునే) అనే సౌకర్యం బోర్డులో ఉండాలి, కాబట్టి చాలా పాత ప్రాసెసర్లవారు వాటి జోలికి వెళ్లకండి. పెద్ద కంపెనీల ఆఫీసు కంప్యూటర్లు కొని అందులో కార్డు పెట్టాలనుకునేవారు ఎస్‌ఎంపీఎస్ ఆకారం, బోర్డు కనెక్టర్లు చూసుకోవాలి. అవి తరచుగా ఆ కంపెనీ సొంత కొలతలతో ఉంటాయి.

అన్నీ పరీక్షించాను. బోర్డు, ప్రాసెసర్ రెండూ మార్చాల్సిందే. ఏది తీసుకోవాలి?

ముందు అసలు ఖర్చు కాగితం మీద వేయండి. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, అవసరమైతే కూలర్ బిగించే బ్రాకెట్, ఎస్‌ఎంపీఎస్. ర్యామ్‌ను మరచిపోవడం వల్లే లెక్కలు తలకిందులవుతాయి. డీడీఆర్4 ర్యామ్ డీడీఆర్5 బోర్డులో పట్టదు, గాడి వేరేచోట ఉంటుంది. పైగా 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కృత్రిమ మేధ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను పెద్దఎత్తున కొనడం దీనికి ప్రధాన కారణం. డీడీఆర్4 కూడా పెరిగింది కాబట్టి మీ దగ్గరున్న స్టిక్కులు ఇప్పుడు విలువైనవి. వాటిని వదలకుండా మారే దారి ఏదైనా ఉంటే దాన్నే ముందు చూడండి. ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో డీడీఆర్4 రకాలు ఉన్నాయి. ఐ5-12400ఎఫ్, డీడీఆర్4 బోర్డు, ఇప్పుడున్న ర్యామ్ కలిపితే 1080 ఆటలకు గట్టి జత. దాని లోటు ఒకటే, ఆ సాకెట్‌కు ఇక కొత్త తరం రాదు.

డబ్బు సర్దుకోగలిగినవారికి నేను ఏఎం5 చెబుతాను. 2022లో వచ్చిన ఈ సాకెట్‌ను కనీసం 2027 వరకు కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. ఇప్పుడు రైజెన్ 5 7600తో మొదలుపెట్టి, నాలుగేళ్ల తర్వాత అదే బోర్డులో పెద్ద ఎక్స్‌3డీ ప్రాసెసర్ పెట్టుకోవచ్చు. 7600లో చిన్న గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. కార్డు వారెంటీకి వెళ్లిన వారాల్లో కంప్యూటర్ మూలన పడకుండా చదువుకూ పనికీ నడుస్తుంది. సర్వీసు సెంటరు దూరంగా ఉన్న మనకు ఇది చిన్న లాభం కాదు. ఏఎం4 కూలర్లు చాలావరకు ఏఎం5కు సరిపోతాయి. వెనక ప్లేటు సొంతంగా తెచ్చుకునే కూలర్లు మాత్రం సరిపోవు.

బోర్డులో పైపై మెరుపులకు డబ్బు పెట్టకండి. నాలుగు ర్యామ్ స్లాట్లు, ప్రాసెసర్ చుట్టూ హీట్‌సింకులు, ఫ్లాష్‌బ్యాక్ మీట, మూడేళ్ల వారెంటీ ఉంటే సరి.

మావయ్య దుబాయ్ నుంచి తెస్తానంటున్నారు, అన్నయ్య సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో తీసుకుంటానంటున్నాడు. ఏది మంచిది?

ప్రాసెసర్ పాడవడం అరుదు, బోర్డు పాడవడం అంత అరుదు కాదు. కాబట్టి మావయ్యగారి చేత తెప్పిస్తే ప్రాసెసర్ తెప్పించండి, బోర్డు వద్దు. చాలా కంపెనీలు బోర్డు వారెంటీని కొన్న దేశంలోనే ఇస్తాయి. చిన్న లోపానికి మళ్లీ గల్ఫ్ పంపడం జరిగే పని కాదు. అన్నయ్య సీటీసీలో కొంటే పెట్టెలో వచ్చే ప్రాసెసరే తీసుకోమనండి. పెట్టె లేని ట్రే ప్రాసెసర్లకు కంపెనీ మూడేళ్ల వారెంటీ ఉండకపోవచ్చు. బిల్లు జీఎస్టీతో ఉండాలి, దాని మీద సీరియల్ నంబరు రాయించాలి. ధరలో కొద్ది తేడాయే అయితే రాజమహేంద్రవరంలోనో భీమవరంలోనో మీరు నడిచి వెళ్లి అడగగలిగిన దుకాణంలో కొనండి.

సెకండ్ హ్యాండ్ బోర్డు తీసుకోవచ్చా?

ప్రాసెసర్ అయితే ధైర్యంగా తీసుకోండి, బోర్డు అయితే దగ్గర నుంచి చూశాకే. నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వంటి తీరపు ఊళ్లలో ఏళ్లపాటు నడిచిన బోర్డును ఉప్పుగాలి నెమ్మదిగా తింటుంది. వెనక పోర్టుల లోహం మీద తెల్లని లేదా పచ్చని పొర, ర్యామ్ స్లాట్ల చివర మచ్చలు, స్క్రూల తుప్పు చూడండి. ఇంటెల్ బోర్డు అయితే సాకెట్‌లోని పిన్నులను టార్చి వేసి చూడండి, ఒక్కటి వంగినా వద్దు. ర్యామ్ స్లాట్లన్నిటిలో ర్యామ్ పెట్టించి ఆన్ చేయించండి.

ఇంటెల్ పదమూడు, పద్నాలుగు తరాల్లో పెద్ద ప్రాసెసర్లకు ఎక్కువ వోల్టేజీ వల్ల అస్థిరత వచ్చింది. 2024 ఆగస్టు నుంచి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనలు) అప్‌డేట్లు ఇచ్చారు, వారెంటీని రెండేళ్లు పొడిగించారు. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను అప్‌డేట్ బాగుచేయలేదు. కాబట్టి వాడిన ఐ7, ఐ9 కొనేటప్పుడు అసలు బిల్లు అడగండి.

కొత్త ప్రాసెసర్ పెడితే పింగ్ తగ్గుతుందా?

తగ్గదు. పింగ్ అంటే ఆట సర్వర్‌కు సందేశం వెళ్లి వచ్చే సమయం, అది మీ ఇంటి నుంచి సర్వర్ వరకు ఉన్న దారికి సంబంధించినది. వైఫై వదిలి రౌటర్ నుంచి తీగ లాగండి.

మా అబ్బాయి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. చదువు కోసమే మార్చాలంటున్నాడు. నమ్మవచ్చా?

అబ్బాయిని కూర్చోబెట్టి, ఏ పనిలో ఎంతసేపు ఆగవలసి వస్తోందో చూపించమనండి. కోడ్ రాయడానికి, ప్రాజెక్టు నివేదికలకు ఐదారేళ్లనాటి ఆరు కోర్ల ప్రాసెసర్ చాలు, ర్యామ్ 16 జీబీ ఉండాలి. వర్చువల్ మెషీన్లు, త్రీడీ డిజైన్, వీడియో పని నిజంగా చేస్తుంటే కోర్లు ఎక్కువున్న ప్రాసెసర్ సమయం మిగులుస్తుంది. ఆట కోసం అడిగినా అది తప్పు కోరిక కాదు. అప్పుడు ఆట కోసమే అని చెప్పుకుని, పైన చెప్పిన కొలతలు తీసి, ఇద్దరూ కలిసి ఖర్చు నిర్ణయించుకోండి. కొలిచిన అంకెలు ముందుంటే ఇంట్లో వాదన తగ్గి మాట సాగుతుంది.

బోర్డు మార్చితే విండోస్, ఫైళ్లు ఏమవుతాయి?

ఎస్‌ఎస్‌డీ అలాగే ఉంటుంది కాబట్టి ఫైళ్లు పోవు, కానీ తాళం పడవచ్చు. విండోస్ 11 చాలా కంప్యూటర్లలో డ్రైవును ఎన్‌క్రిప్ట్ చేసి, దాని తాళాన్ని బోర్డు లేదా ప్రాసెసర్‌లోని టీపీఎంకు ముడివేస్తుంది. అవి మారగానే బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ 48 అంకెల కీని వెతికి కాగితం మీద రాసుకోండి, లేదా ఎన్‌క్రిప్షన్ ఆపండి. ఏఎండీలో ప్రాసెసర్ ఒక్కటే మార్చినా మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఎఫ్‌టీపీఎంను రీసెట్ చేయమంటారా అని అడుగుతుంది. కీ చేతిలో ఉన్నప్పుడే అవునని నొక్కండి.

విండోస్ లైసెన్సు విడిగా కొన్నదైతే కొత్త బోర్డుకు మార్చుకోవచ్చు, కంప్యూటర్‌తోపాటు వచ్చినదైతే పాత బోర్డుతోనే ఉండిపోతుంది. ఇంటెల్ నుంచి ఏఎండీకి మారేవారు ముఖ్యమైనవి మరోచోట దాచి విండోస్‌ను కొత్తగా వేసుకోండి. పాత డ్రైవర్ల మిగులు వల్ల వచ్చే తలనొప్పులు తప్పుతాయి.

తీసేసిన పాత బోర్డు, ప్రాసెసర్ ఏం చేయాలి?

కొత్తది నెల రోజులు సవ్యంగా నడిచేదాకా అమ్మకండి. ఆ తర్వాత బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ కలిపి ఒక జతగా అమ్మితే విడివిడిగా కన్నా మంచి ధర వస్తుంది. ఇంట్లో చెల్లెలో తమ్ముడో చదువుకుంటుంటే, లోపల గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ అయితే పాత క్యాబినెట్‌లో బిగించి ఇవ్వండి. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో లోపలి గ్రాఫిక్స్ ఉండదు, వాటికి ఒక చిన్న కార్డు కావాలి. చెడిపోయిన బోర్డును చెత్తలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి. అమ్మేదాకా దాచేటప్పుడు యాంటీస్టాటిక్ కవరులో సిలికా జెల్ పొట్లం వేసి, ఇంటెల్ బోర్డు అయితే సాకెట్ మీద ప్లాస్టిక్ మూత బిగించి, అటక మీద కాకుండా చెమ్మ తగలని బీరువాలో పెట్టండి.